డిబేట్ గెలిచి ఎలక్షన్ ఓడిపోవడం ఏంటండీ? అసలు ఎక్కడ చేజారింది?

చెరువుగట్టు (ఉండి దగ్గర):

అందరికీ నమస్కారం. రాజకీయాలంటే పడనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. అయినా ఇది మన రాజకీయం కాదు లెండి, అమెరికాది. చాలా కాలంగా నా బుర్రలోంచి పోని ప్రశ్న ఒకటుంది, తెలిసినవాళ్ళు చెబుతారని రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 11, బుధవారం పొద్దున్న. వాళ్ళకి పదో తారీకు రాత్రి తొమ్మిది, మనకి ఆరున్నర. రొయ్యల చెరువులో ఆరు గంటల మేత వేయించి, గట్టు మీద షెడ్డులో కూర్చుని ఫోన్లో ట్రంప్, కమలా హారిస్ డిబేట్ పెట్టుకున్నాను. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడుకి ఇయర్‌ఫోన్ చెవిలో కుక్కుకోవాల్సొచ్చింది. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. సగం మాటలు అర్థమయ్యాయి, మిగతా సగం మొహాలు చూసి పోల్చుకున్నాను. మొహాల లెక్కన చూస్తే అనుమానమే లేదు. మొదట్లో ఆవిడే ఆయన దగ్గరికి నడిచి వెళ్ళి చెయ్యి చాపింది. ఆయనేమో గంటన్నరలో ఆవిడ వంక సరిగ్గా చూసిన పాపాన పోలేదు. మీ సభలకొచ్చిన జనం విసుగొచ్చి మధ్యలోనే వెళ్ళిపోతున్నారని ఆవిడ ఒక ముక్క విసిరింది, అంతే. అప్పుడు నడుస్తున్నది వలసల గురించి. అది ఆయన సొంత బరి కదా. అది వదిలేసి సభల లెక్క పట్టుకుని వేలాడి, అక్కణ్ణుంచి ఒహాయోలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో వలసొచ్చినవాళ్ళు కుక్కల్నీ పిల్లుల్నీ తినేస్తున్నారు అనేదాకా వెళ్ళాడు. అలాంటి దాఖలా ఏదీ లేదని ఆ ఊరి అధికారులే చెప్పారని యాంకరు అక్కడికక్కడే అన్నాడు. నేను చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) ఎత్తడం కూడా మర్చిపోయాను.

మధ్యాహ్నం మా బావగారు భోజనానికొచ్చారు. ఆకివీడులో ఆయనకి మేత, మందుల షాపు. "ఇంక అయిపోయింది బావా, ఆవిడే" అన్నాను. "డిబేట్లకి ఓట్లు పడవురా" అన్నారాయన. మాటా మాటా పెరిగి పందెం దాకా వెళ్ళింది. భీమవరం చుట్టుపక్కల పుట్టి పందేనికి వెనక్కి తగ్గితే బాగోదు కదా. ఆత్రేయపురం పూతరేకులు, బెల్లం నెయ్యివి, ఐదు బాక్సులు. నవంబరు 6న ఫోన్ చేశారు. హలో కూడా అనలేదు. "జీడిపప్పు కూడా వేయించమను" అన్నారు.

పందెం పోతే పోయింది. మన రొయ్యకి పెద్ద గిరాకీ అమెరికాదే కదండీ, 2025 ఆగస్టు 27 నుంచి దాని మీద సుంకం 50 శాతానికి వెళ్ళింది. ఆ వారం మా గట్ల మీద మనుషుల మొహాలు చూడాల్సింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ డిబేట్లోనే ఆవిడ "ట్రంప్ సేల్స్ ట్యాక్స్" అంటూ టారిఫ్‌ల గురించి మాట్లాడింది. ఆ వేళ నేను ఏ చైనా సామాన్లో అనుకుని ఊరుకున్నాను. నా చెరువులో రొయ్య గురించే మాట్లాడుతున్నారని ఏం తెలుసు!

ఇంకో సంగతి కూడా చెప్పాలి, సిగ్గుగానే ఉంది. మొన్న ఎండాకాలం మేం పన్నెండు మంది రైతులం ఒక కొనుగోలు కంపెనీవాళ్ళతో కూర్చున్నాం. పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మే రోజు, గట్టు మీద ఒక కౌంట్ రాస్తారు, సరుకు లోపలికెళ్ళాక ఇంకో కౌంట్ చెబుతారు. ఇక్కడ 40 అని రాసుకుని తీసుకెళ్ళినదానికి 44 లెక్కన డబ్బులేస్తారు. తెలియనివాళ్ళ కోసం: కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. అంకె పెరిగితే రొయ్య చిన్నదన్నమాట, రేటు దిగిపోతుంది. నా చొక్కా జేబులో మూడు పట్టుబడుల చీటీలున్నాయి, గట్టు మీద వాళ్ళ మనిషే సంతకం పెట్టినవి. అవి చూపిస్తే వేరే మాట అక్కర్లేదు. ఆ మేనేజరు కూర్చుంటూనే "మీ రైతులు రొయ్యకి నీళ్ళు పట్టించి తూకం పెంచుతున్నారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పావుగంట ఆ నీళ్ళ గొడవే. టీలొచ్చాయి, తాగాం, లేచాం. ఇంటికొచ్చి చొక్కా విప్పి దండెం మీద వేస్తుంటే చీటీలు కింద పడ్డాయి.

అందుకే అడుగుతున్నాను. హారిస్ జేబులో అలా మిగిలిపోయిన చీటీ ఏది? అంత బాగా మాట్లాడిన మనిషి ఎక్కడ పోగొట్టుకుంది? ఆవిడకి ముందు కూడా ఇలా ఎవరికైనా జరిగిందా?

కాలవ అవతల కుర్రాడు:

అన్నా, అవన్నీ తర్వాత. పూతరేకులు జీడిపప్పుతో ఇచ్చారా, లేకుండానా? అదొక్కటీ తేలాలి.

నరసాపురం ప్లీడరు:

ముప్పై ఏళ్ళ నుంచి కోర్టులో క్రిమినల్ కేసులు చూస్తున్నాను. అమెరికా డిబేట్లు నాకో వ్యసనం. పాతవి కూడా రాత్రిళ్ళు కూర్చుని చూస్తాను. మా ఇంట్లోవాళ్ళు సీరియల్ చూస్తుంటే నేను 1960 నాటి బ్లాక్ అండ్ వైట్ మొహాలు చూస్తుంటాను, తిట్లు తింటుంటాను. క్రాస్ ఎగ్జామినేషన్ నేర్చుకోవాలంటే అంతకన్నా మంచి బడి నాకు దొరకలేదు.

మీ ప్రశ్నకి జవాబు అందరూ చెప్పుకునే ఆ కుక్కల దగ్గర లేదండి. మొట్టమొదటి ప్రశ్నలో ఉంది, ఆఖరి నిమిషంలో ఉంది. ఆ రెండూ మీరు చూసే ఉంటారు, గమనించి ఉండరు.

మొదటి ప్రశ్న గుర్తు తెచ్చుకోండి. "నాలుగేళ్ళ కిందటికన్నా ఇప్పుడు ప్రజల పరిస్థితి మెరుగ్గా ఉందంటారా?" అని ఆవిణ్ణి, అంటే అప్పటి ఉపాధ్యక్షురాల్ని, అడిగారు. ఆ ప్రశ్నకి ఒక చరిత్ర ఉంది. 1980 అక్టోబరు 28న, పోలింగుకి సరిగ్గా వారం ముందు, క్లీవ్‌లాండ్‌లో అప్పటి అధ్యక్షుడు కార్టర్‌తో జరిగిన ఒకే ఒక్క డిబేట్‌లో రీగన్ చివర్లో కెమెరా వైపు తిరిగి జనాన్నే అడిగాడు: నాలుగేళ్ళ కిందటికన్నా మీరు బాగున్నారా? సరుకులు కొనడానికి దుకాణానికెళ్తే అప్పటికన్నా తేలిగ్గా ఉందా? అని. కార్టర్‌కి దాని తర్వాత జవాబు చెప్పే వంతు లేదు. వారంలో ఎన్నిక. రీగన్ 44 రాష్ట్రాలు గెలిచాడు. అప్పటినుంచీ, గద్దె మీదున్న పార్టీని భయపెట్టే ప్రశ్న అదే. హారిస్ పక్షానికి అది వస్తుందని తెలియకుండా ఉంటుందా? అయినా ఆవిడ "నేను మధ్యతరగతి ఇంట్లో పుట్టి పెరిగాను" అని మొదలుపెట్టి తన ఆర్థిక ప్రణాళికలోకి వెళ్ళిపోయింది. మీరు విన్న టారిఫ్‌ల మాట కూడా ఆ జవాబులోదే. అవునని అనలేదు, కాదని అనలేదు.

కోర్టులో సాక్షి ప్రశ్న తప్పించుకుంటే జడ్జిగారు కోప్పడరు. కళ్ళజోడు సర్దుకుని కాగితం మీద ఏదో రాసుకుంటారు. ఆ రాసుకున్నది తీర్పు రోజున గానీ మనకి తెలియదు.

ఇంక ఆఖరి నిమిషం. ఆ డిబేట్‌కి ముందు బొమ్మా బొరుసూ వేశారు. ట్రంప్ గెలిచి, చివరి మాట నాకు కావాలన్నాడు. గంటన్నర పాటు ఆవిడ వేసిన ప్రతి గాలానికీ తగులుకున్న మనిషి, ఆ ఆఖరి వంతులో ఒక్క మాట పట్టుకున్నాడు. ఇది చేస్తానంటోంది, అది చేస్తానంటోంది, మూడున్నరేళ్ళుగా అక్కడే ఉంది కదా, ఎందుకు చేయలేదు? అంతే. హారిస్ అప్పటికే ముగించేసింది, మళ్ళీ వంతు లేదు. మర్నాడు టీవీలన్నీ పిల్లుల మీదా కుక్కల మీదా నవ్వుకున్నాయి. ఆ ప్రశ్న మాత్రం అక్కడే నిలబడి ఉంది.

ఇప్పుడు మీరడిగిన చీటీ. అక్టోబరు 8న ఆవిడ "ద వ్యూ" అనే టీవీ కార్యక్రమానికి వెళ్ళింది. అక్కడున్నవాళ్ళు దాదాపు అందరూ ఆవిడంటే ఇష్టపడేవాళ్ళే. ఒకావిడ మెత్తగా అడిగింది, ఈ నాలుగేళ్ళలో బైడెన్‌కన్నా మీరైతే వేరేగా చేసేదేమైనా ఉందా? అని. ట్రంప్ ఆఖర్న అడిగిన ప్రశ్నే ఇది, ఈసారి మన వాళ్ళ ఇంట్లో, మన టీ తాగుతూ. ఇంతకన్నా మంచి అవకాశం దేవుడు కూడా ఇవ్వడు. ధరల విషయంలో ఫలానాది ముందే చేసుండేదాన్నని ఒక్కటి చెబితే చాలు. "ఏదీ తట్టడం లేదు" అంది. అదే కార్యక్రమంలో తర్వాత ఏవో సర్దుబాటు మాటలు చెప్పింది గానీ, ట్రంప్ వాళ్ళు ఆ ఒక్క ముక్క కోసి ప్రకటనల్లో వేసుకున్నారు. నన్నడిగితే డిబేట్ ఓడింది ఆ రోజు, నాలుగు వారాలు ఆలస్యంగా.

ఆవిడ ఇంకో డిబేట్ కావాలంది, ట్రంప్ రానన్నాడు. అది ఆయన తెలివి. ఎనిమిది వారాల ముందు గెలిచిన గెలుపు పోలింగు నాటికి చప్పబడిపోతుంది. సంక్రాంతికి బరిలో దింపే కోడిని దసరాకి గెలిపించుకుంటే ఏం లాభం? అవతలివాడు మళ్ళీ బరిలోకే రానప్పుడు, చేతిలో ఉన్నవి ఇంటర్వ్యూలే. అందుకే ఆ "ద వ్యూ" జవాబు నాకంత బాధ.

మీలాగా నిజంగా జేబులో చీటీ పెట్టుకుని వెళ్ళి తీయనివాడు ఒకాయన ఉన్నాడు. ఒబామా. 2012 సెప్టెంబరులో ఒక వీడియో బయటికొచ్చింది. ఒబామా మీద పోటీ చేస్తున్న రామ్నీ చందాలిచ్చేవాళ్ళ మధ్య కూర్చుని, దేశంలో 47 శాతం మంది ప్రభుత్వం మీద ఆధారపడి బతికేవాళ్ళు, ఎలాగూ ఒబామాకే వేస్తారు, వాళ్ళ గురించి ఆలోచించడం నా పని కాదు అన్నాడు. దేశమంతా అదే గోల. అక్టోబరు 3న డెన్వర్‌లో మొదటి డిబేట్. గంటన్నరలో ఒబామా నోట 47 అనే అంకె రాలేదు! తల వంచుకుని ఏదో రాసుకుంటూ కనిపించాడు. ఓడిపోయాడని ఆయన వాళ్ళే ఒప్పుకున్నారు.

పదమూడు రోజుల తర్వాత రెండో డిబేట్. అక్కడా ఆఖరి ప్రశ్న దాకా తీయలేదు. చివర్లో రామ్నీయే నోరు జారాడు, నేను నూటికి నూరు శాతం మంది అమెరికన్ల గురించీ ఆలోచిస్తాను అన్నాడు. ఒబామాది ఆఖరి వంతు. అప్పుడు తీశాడు 47 శాతాన్ని. వాళ్ళెవరో చెప్పండి అంటూ పెన్షన్ మీద బతికే ముసలివాళ్ళనీ, యుద్ధాలు చేసొచ్చిన సైనికుల్నీ, చదువుకునే పిల్లల్నీ వరసపెట్టాడు. రామ్నీకి జవాబు చెప్పే టైము లేదు, కార్యక్రమం అయిపోయింది. ఆ రాత్రి ఒక్కణ్ణే కూర్చుని చప్పట్లు కొట్టాను. మా ఆవిడ లేచి లైటు ఆర్పేసి పోయింది.

ఇక మీ సంగతి. కోపం తెచ్చుకోకండి. మీరు హారిస్ వైపు నిలబడి అడుగుతున్నారు గానీ, ఆ రోజు ఆ గదిలో హారిస్ ఆ మేనేజరండి. "నీళ్ళు పట్టిస్తున్నారు" అన్నాడు చూడండి, అది "మీ సభల నుంచి జనం వెళ్ళిపోతున్నారు" లాంటిదే. మీరు తగులుకున్నారు. మీరు ట్రంపు. తేడా ఒక్కటే, ఆయన ఆఖరి నిమిషంలోనైనా జేబులో చెయ్యి పెట్టాడు. మీరు టీ తాగి లేచారు.

తణుకు అమ్మాయి, ఇప్పుడు ఫిలడెల్ఫియా పక్కన:

ప్లీడరు గారు, మీ రాత చదువుతుంటే ఆ డిబేట్ మళ్ళీ చూసినట్టుంది. కానీ ఇక్కడ ఉండి చూసినదాన్ని కాబట్టి కొంచెం అడ్డం వస్తాను, ఏమీ అనుకోకండి.

ఆ డిబేట్ జరిగిన హాలు మా ఇంటి నుంచి కారులో నలభై నిమిషాలు. ఆ రాత్రి రోడ్లు మూసేస్తే తిట్టుకుంటూ చుట్టూ తిరిగి వచ్చాను. మర్నాడు మా ఆఫీసులో దాని గురించి మాట్లాడింది ఎంతసేపో తెలుసా? కాఫీ నిండేంత సేపు. కుక్కల మీద జోకు వేసుకున్నారు, అయిపోయింది. తర్వాత మా పక్క సీటావిడ అద్దె ఎంత పెరిగిందో చెప్పడం మొదలెట్టింది, అది మధ్యాహ్నం దాకా సాగింది. 2022 జూన్‌లో ఇక్కడ ద్రవ్యోల్బణం 9.1 శాతానికి వెళ్ళింది. తర్వాత ఆ వేగం తగ్గింది గానీ ధరలు దిగలేదు కదా. కోడిగుడ్ల అట్ట పట్టుకుని రేటు చూసి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేసేవాళ్ళని నేనే ఎంతమందిని చూశానో. వాళ్ళకి ఏ జవాబు చెబితే సరిపోతుంది? పైగా బైడెన్ జూలై 21న తప్పుకున్నాక ఆవిడకి మిగిలింది 107 రోజులు. మన దగ్గర ఇల్లు కట్టడానికి ప్లాన్ గీయించుకునేసరికే అంత టైము పడుతుంది.

డిబేట్లు గెలిచి ఓడినవాళ్ళు ఇంకా ఉన్నారు. 2004లో కెర్రీ బాగా మాట్లాడాడని సర్వేలన్నీ చెప్పాయి, బుష్ గెలిచాడు. 2016లో మూడు డిబేట్లూ హిల్లరీవే అన్నారు. కానీ ఆవిడ పార్టీ నామినేషన్ అయ్యాక విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. అక్కడ 23 వేల లోపు ఓట్లతో పోయింది. ప్లీడరు గారూ, నా దృష్టిలో చేజారడం అంటే అదండి. స్టేజీ మీద ఏ మాట అన్నారు అని కాదు, ఏ ఊరికి వెళ్ళలేదు అని.

ఇంకో ముచ్చట. ఆ అక్టోబరు 1న ఉపాధ్యక్ష పదవికి పోటీపడ్డ వాన్స్, వాల్జ్ డిబేట్ అయితే మా అమ్మ తణుకు నుంచి ఫోన్ చేసి "మన ఉష మొగుడు ఎలా మాట్లాడాడే?" అని అడిగింది. ఉషా వాన్స్ పూర్వీకులది మా పక్కనే వడ్లూరు కదా. "ఎవరి పార్టీ అమ్మా నువ్వు?" అంటే "పార్టీ ఏంటే, మన ఊరి అల్లుడు" అంది. రెండు కోట్ల మైళ్ళ దూరంలో కూడా ఓట్లు అలాగే పడతాయి. వాదనకి కాదు, వరసకి.

పాలకొల్లు మాస్టారు:

అమ్మాయి చివరి మాటకి నవ్వొచ్చింది. రెండు కోట్ల మైళ్ళు కాదమ్మా, చంద్రుడు కూడా అంత దూరంలో లేడు. లెక్కల మాస్టార్ని కాకపోయినా చెప్పక తప్పదు.

నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. వక్తృత్వ పోటీలకి పిల్లల్ని తయారుచేయడం నా పని. చీటీ జేబులో ఎందుకు ఉండిపోతుందో నాకు తెలిసినంత మీకెవరికీ తెలియదు. పిల్లవాడు కంఠతా పడతాడు. ఇంట్లో అద్దం ముందు అద్భుతం. స్టేజీ ఎక్కాక మొదటి వాక్యం కొంచెం వేరేగా వస్తుంది, అక్కణ్ణుంచి బండి పట్టాలు తప్పుతుంది. గుండెలో ఉన్నది నోట్లోకి రాదు.

1988లో డెమోక్రాట్ల అభ్యర్థి డుకాకిస్‌కి జరిగింది అదే. అక్టోబరు 13న లాస్ ఏంజెలిస్‌లో డిబేట్ మొదలైన మొదటి ప్రశ్నే భయంకరమైనది. మీ భార్యని ఎవరైనా చెరిచి చంపితే, ఆ హంతకుడికి ఉరిశిక్ష వేయాలంటారా? అని. ఆయన ఉరిశిక్షకి వ్యతిరేకి. ఏ మాత్రం చలించకుండా "లేదు, నేను జీవితమంతా ఉరిశిక్షని వ్యతిరేకిస్తూనే ఉన్నానని మీకు తెలుసు" అని మొదలుపెట్టి, మత్తుమందుల మీద పోరాటం గురించి చెప్పుకుపోయాడు. దేశం నిర్ఘాంతపోయింది. బాధేమిటంటే ఆయన దగ్గర జవాబు ఉంది. ఆయన తండ్రి డాక్టరు. ముసలితనంలో, క్లినిక్‌లో ఉండగానే దొంగలు కట్టేసి కొట్టారు. అన్నగారు సైకిలు మీద వెళ్తుంటే ఎవరో కారుతో గుద్ది ఆగకుండా పోయారు, ఆయన చనిపోయాడు. "నేరం అంటే ఏమిటో మా ఇంట్లో తెలుసు" అన్నా చాలేది. అనలేదు. ఇది చెప్పినప్పుడల్లా మా బడిలో ఒక పిల్లవాడు గుర్తొస్తాడు. అమ్మ మీద మాట్లాడమంటే, అమ్మ పోయి అప్పటికి ఆర్నెల్లు, మాతృమూర్తి గొప్పతనం మీద శ్లోకం చెప్పి దిగిపోయాడు.

1960లో కెనడీతో డిబేట్‌లో, టీవీలో చెమటలు కక్కుతూ కనబడిన నిక్సన్ కథ మీకందరికీ తెలుసు కాబట్టి వదిలేస్తున్నాను. రేడియోలో విన్నవాళ్ళు నిక్సన్ గెలిచాడన్నారు అనేది మాత్రం ఎవరైనా చెబితే సగమే నమ్మండి. దానికి ఆధారం బలహీనం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చేజారిన అవకాశం మాటల్లో లేదు. 1976 సెప్టెంబరు 23, ఫిలడెల్ఫియా, అప్పటి అధ్యక్షుడు ఫోర్డ్, ఆయన మీద పోటీ చేసిన కార్టర్. డిబేట్ చివర్లో సౌండు పోయింది. బాగుచేయడానికి 27 నిమిషాలు పట్టింది. టీవీ నడుస్తూనే ఉంది, కోట్లమంది చూస్తూనే ఉన్నారు. ఆ ఇద్దరూ చెరో బల్ల వెనకా దాదాపు కదలకుండా నిలబడ్డారు. ఒకరి వంక ఒకరు చూసుకోలేదు. అరగంట! ఎవరో ఒకరు రెండడుగులు వేసి అవతలాయన దగ్గరికి వెళ్ళి "మంచినీళ్ళు తాగుతారా?" అనుంటే ఎలా ఉండేది? మన పంటు మధ్యలో ఇంజను ఆగితే, సఖినేటిపల్లి రేవు చేరేలోపు ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా పెళ్ళి సంబంధాలు మాట్లాడేసుకుంటారు. దేశాన్ని ఏలేవాళ్ళకి పక్కవాడితో ఒక మాట కలపడానికి మైకు కావాల్సొచ్చింది.

నరసాపురం ప్లీడరు:

మాస్టారూ, మీ శ్లోకం పిల్లవాడి దగ్గర ఆగిపోయాను. కాసేపు ముందుకి చదవలేకపోయాను.

అమ్మాయికి ఒక మాట. ధరల దెబ్బ ముందు డిబేట్లు చిన్నవే, ఒప్పుకుంటాను. విస్కాన్సిన్ సంగతీ ఒప్పుకుంటాను. కానీ డిబేట్లకి ఏ బలమూ లేదంటే మాత్రం 2024 జూన్ 27 ఉంది కదమ్మా. అది కోరి తెచ్చుకున్నది బైడెన్ పక్షమే. ప్రేక్షకులు వద్దు, ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి మైకు కట్టెయ్యాలి, ఎన్నడూ లేనంత ముందుగా జూన్‌లోనే పెట్టాలి. అన్నీ వాళ్ళకి కావాల్సినట్టే జరిగాయి. మైకు కట్టేయడం వల్ల మేలు జరిగింది ట్రంప్‌కి, అడ్డుపడే అలవాటు కనబడకుండా పోయింది. బైడెనేమో గొంతు పోయి, మాట తడబడి, నాలుగు వారాలు తిరక్కుండానే పోటీ నుంచి తప్పుకున్నాడు. నేను కోర్టులో నేర్చుకున్న మొదటి పాఠం అది. అడిగి మరీ వాయిదా తెచ్చుకున్నవాడే ఆ రోజుకి సాక్షిని తీసుకురాలేడు.

చెరువుగట్టు:

ఆయ్, ప్లీడరు గారు, నన్ను పట్టుకుని ట్రంపు అన్నారా! రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకి చదివి వినిపించాను. నవ్వలేదు సరికదా, "ఆయనకి మీ సంగతి ముందే తెలుసా ఏంటి?" అంది. నేను మాట్లాడలేదు. అరగంట తర్వాత పప్పులో ఉప్పు తక్కువైందని గొడవ పెట్టుకున్నాను. మీరన్నది నిజమేనేమో.

అమ్మాయిగారు, కోడిగుడ్ల అట్ట సంగతి బాగా చెప్పారు. మా బావగారు అదే అన్నారు ఇంకో రకంగా. షాపుకొచ్చిన రైతు మేత బస్తా రేటు అడుగుతాడు గానీ ఎవరు బాగా మాట్లాడారని అడగడట. ఇంకా నయం, ఆయన ఈ ఫోరం చూడరు.

కుర్రాడికి జవాబు: జీడిపప్పుతోనే ఇచ్చాను. మూడు బాక్సులు ఆయన తిన్నారు, రెండు మా చెల్లెలు దాచింది.

చీటీల విషయం. ఈ నెలాఖరుకి మళ్ళీ పట్టుబడి ఉంది, కంపెనీవాళ్ళు దానికి ముందు కూర్చుందామన్నారు. ఈసారి ఐదు చీటీలున్నాయి, పక్క రైతువి రెండు కలిపి. తడవకుండా మా ఆవిడ పాస్‌బుక్ కవర్లో పెట్టి, పైన స్కెచ్ పెన్నుతో "నీళ్ళ గురించి మాట్లాడొద్దు" అని రాసింది. నాకు తేలనిది ఒక్కటే. వెళ్ళగానే బల్ల మీద పెట్టేయాలా, ఒబామాలాగా ఆఖరి వంతు దాకా ఆగాలా? ముందే పెడితే ఆ సంతకం మా మనిషిది కాదంటారేమోనని భయం. ఆఖర్న పెడదామంటే నా మీద నాకే నమ్మకం లేదు, ఈలోపు ఆయన ఇంకేదో అంటాడు, నేను ఎగురుతాను. ప్లీడరు గారు, ఫీజు ఏమైనా ఉంటే చెప్పండి, రొయ్యలు పంపిస్తాను, 30 కౌంటువి. ఏ కాటా మీద వేసి చూసుకున్నా సరే.

మాస్టారూ, మీ 27 నిమిషాల గురించి ఒకటి అడగాలనుకున్నాను, ఆ సౌండు మళ్ళీ వచ్చాక ముందు మాట్లాడింది ఎవరు అని...

కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగిపోయాయి, జనరేటర్ వేసి వస్తాను.